ఆరిన సున్నం

మూత పడ్డాక 3402వ రోజు

శౌరి మాస్టారు పోయి నేటికి ఇరవై రోజులు. ఆయన కుర్చీ నాకిచ్చారు. బడి పుస్తకం రోజూ రాయాలని ఈ గుహకు పెద్ద అయిన సర్దార్ గట్టయ్య చెప్పాడు గనుక రాస్తున్నాను. నా పేరు జక్రయ్య. ఆదివారాలు వాక్యం చెప్పేవాణ్ణి. పాస్టరును కాను, ఏ సెమినరీ గడపా తొక్కలేదు. పైన ఇంకా జనం ఉన్న రోజుల్లో ఇదే సున్నపురాయి గనిలో రాళ్ళు మోస్తూ, లారీల వెనక రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. మొదటినుంచి చివరిదాకా చదివిన పుస్తకం ఒక్కటే. అది నా చొక్కా జేబులో ఉంది.

పొద్దున పై అద్దంలో చూశాం. ఆకాశం ఎర్రగానే ఉంది. ఆ గాలి పీల్చినవాళ్ళు బతకరు. మూత తెరవడం లేదు.

హాజరు: పన్నెండు మందికి తొమ్మిది. ముగ్గురికి తలనొప్పి. వచ్చినవాళ్ళలో ఇద్దరు బల్ల మీదే నిద్రపోయారు. లేపితే లేచారు. అదీ సంతోషమే.

పాఠం: మాస్టారి నోట్సులో ఇంకా చెప్పకుండా మిగిలినది, రసాయనశాస్త్రంలో మరుగునపడ్డవాళ్ళు. మొదటి పేరు ఆలిస్ బాల్. ఇరవై మూడేళ్ళ నల్లజాతి పిల్ల. కుష్ఠు రోగులకు వాడే ఒక గింజల నూనె ఒంట్లో ఇంకేది కాదు. దాన్ని సూదిమందుగా ఎక్కించే మార్గం కనిపెట్టింది. ఇరవై నాలుగేళ్ళకే చనిపోయింది. ఆమె పని చేసిన కాలేజీ పెద్ద ఆ పనిని అచ్చు వేయించుకున్నాడు, ఆమె పేరు మాత్రం వేయలేదు!

నాకు ఒళ్ళు మండింది. బల్ల గుద్దాను. "పిల్లల్లారా! కుష్ఠు రోగిని ముట్టుకున్న చెయ్యి ఎంత పవిత్రమైన చెయ్యి! ఆ చేతికి పేరు లేకుండా చేసినవాణ్ణి ఏమనాలి?" నిద్రపోతున్న ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

సలోమి చెయ్యెత్తింది. పదహారేళ్ళ పిల్ల, తరగతిలో అందరికంటే పెద్దది. "దొంగ అనాలె, అయ్యగారూ."

"శభాష్!"

"మరి గా దొంగకు ఏం శిక్ష పడ్డది?"

జేబులో పుస్తకం తడుముకున్నాను. శిక్షల గురించి అందులో కావలసినంత ఉంది. గంట కొట్టించాను.

3404వ రోజు

దశమభాగం రోజు. బడి సగం పూటే.

మా గుహలో నూట ఎనభై ఆరుగురం. మేం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును సున్నం తింటుంది. అందుకే ప్రతి ఇంటి గోడకూ సున్నం పళ్ళేలు. తిని తిని గట్టిపడిన సున్నాన్ని పొగ పైకి పోయే బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి, మళ్ళీ పొడి చేసి పళ్ళేల్లో పోస్తాం. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పోసే ముందు మూడు రోజులు వేడిరాయి మీద ఎముకలా ఎండబెట్టి, ఎగిరిన ఆవిరిని గొట్టంలో పట్టి ఊరి తొట్టికి సమర్పించే ఈ దశమభాగం మాత్రం నేను పెట్టిన ఆచారం. రెండో ఏట బావి ఎండిపోయినప్పుడు పెట్టాను. ఆ నీళ్ళే మమ్మల్ని బతికించాయి. ఈ రోజు కూడా ఆడవాళ్ళు ఆవిరి సీసాలు తెచ్చి, పాట పాడుతూ, చుక్క కింద పడకుండా తొట్టిలో వంచారు. నేను ఆశీర్వదించాను. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాను.

ఆ తర్వాత గట్టయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"అయ్యగారూ, సున్నం తింటలేదు. పళ్ళేలు రెట్టింపు పెట్టినం, అయినా తలకాయలు పగులుతున్నయి. కింది గల్లీల పసిపోరలు పాలు తాగుడు ఆపిండ్రు."

"ప్రార్థన చేస్తున్నాను గట్టయ్యా."

"చేయుండ్రి. కానీ ఊపిరి తీసెటోళ్ళు తక్కువైతెనే మిగిలినోళ్ళు బతుకుతరు. ఇంక ఎనిమిది దినాలకు, పన్నెండో దినం చీటీలేద్దాం. ముప్పై మంది. మూత తీసి పైకి పంపుదాం."

"పైన ఎరుపు!"

"ఎరుపే. చీటీలు మీరే తియ్యాలె. మీ చెయ్యి అయితె ఎవ్వడు నోరెత్తడు."

అతని ముఖంలో క్రూరత్వమేమీ కనిపించలేదు. నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వాక్యంలో చీటీలు వేసి ఒక ప్రవక్తను సముద్రంలోకి విసిరేశారు. ఆయన్ని మింగి కాపాడడానికైతే ఒక చేప దొరికింది.

3405వ రోజు

హాజరు ఏడుగురు.

పాఠం: ఎలిజబెత్ ఫుల్‌హేమ్. పుట్టిన తేదీ తెలియదు, చనిపోయిన తేదీ తెలియదు. 1794లో లండన్‌లో తన పుస్తకం తానే అచ్చు వేయించుకుంది. గుడ్డకు బంగారం పూత పూయాలన్నది ఆమె కోరిక. అయినవాళ్ళు కుదరదన్నారు. బంగారు ద్రావణంలో ముంచిన పట్టుగుడ్డను ఆరబెట్టి హైడ్రోజన్ వాయువులో పెడితే ఏమీ జరగలేదు. అదే గుడ్డను తడిపి పెడితే బంగారం మెరిసింది. వాయువూ ఉంది, బంగారమూ ఉంది, కానీ కాస్త నీళ్ళు ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నీళ్ళు అయిపోవు, మళ్ళీ పుడతాయి. రెంటినీ కలిపే పెళ్ళిపెద్ద లాంటివి నీళ్ళు అని నేనే ఒక పోలిక కూడా చెప్పాను. బాగా కుదిరిందనుకున్నాను.

సలోమి చెయ్యెత్తింది.

"అయ్యగారూ, మరి మన సున్నం?"

"మన సున్నానికేం?"

"మూడు రోజులు ఎండవెడుతున్నం గదా. చుక్క తడి లేకుండ. గా ఆరిన గుడ్డ లెక్కనే అయితె..."

వెనక బల్ల మీంచి ఎవరో, "ఇగ పెళ్ళిపెద్దను మనమే తొట్టిల ముంచినం" అన్నారు. పిల్లలు నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు.

నేను నవ్వలేదు. "దశమభాగాన్ని ఎగతాళి చేసే నోళ్ళు ఈ బడిలో వద్దు!" అని అరిచాను. ఆ పిల్ల పలక తీసి గోడకేసి కొట్టాను. పలక రెండు ముక్కలైంది. సలోమి ఏడవలేదు. ముక్కలు ఏరుకుని బల్ల మీద పెట్టి, వాటిని కలిపి చూస్తూ కూర్చుంది.

నాకు వచ్చిన కోపం ఆ పిల్ల తప్పు చెప్పినందుకైతే ఇంత మండేది కాదు.

3406వ రోజు

వాక్యంలో ఒక న్యాయాధిపతి దేవుణ్ణే పరీక్ష పెట్టాడు. కళ్ళంలో ఉన్ని పరిచాడు. ఉన్ని తడిసి నేల ఆరి ఉంటే నమ్ముతానన్నాడు. అలాగే జరిగింది. అంతటితో ఊరుకోకుండా మర్నాడు తిరగేసి అడిగాడు, ఈసారి నేల తడిసి ఉన్ని ఆరి ఉండాలని. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని అనుమానపు మనిషి అని పల్పిట్ మీంచి తిట్టాను. దేవుడు మాత్రం ఆయన్ని తిట్టలేదు. రెండుసార్లూ ఓపిగ్గా జవాబిచ్చాడు.

సలోమిని పిలిచి, "పలక విషయంలో తప్పు నాది" అన్నాను. రెండు సీసాలు తెమ్మన్నాను. ఒకదాంట్లో ఆచారం ప్రకారం ఎండబెట్టిన సున్నం. రెండోదాంట్లో అదే సున్నం, కొంచెం నీళ్ళు చిలకరించి. రెండింటి గుండా మా ఊపిరి ఊది, వచ్చిన గాలిని సున్నపు తేటలోకి పంపాం. బొగ్గుపులుసు వాయువు మిగిలి ఉంటే తేట తెల్లబడుతుంది. ఇది మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఎండు సీసా వెనక తేట పాలైపోయింది. తడి సీసా వెనక తేట అలాగే ఉంది, అడుగున గాజు మీది గీత కూడా కనిపించేంత తేటగా.

సీసాలు తారుమారు చేశాం. నేను ఊదాను, సలోమి ఊదింది. మళ్ళీ అదే.

"అయ్యగారూ, కూసోండి. మొకం తెల్లగైంది."

"గాలి చాలక," అన్నాను. అబద్ధం.

3407వ రోజు

దాచను. ఈ పుస్తకంలోనైనా దాచను.

ఎనిమిదేళ్ళ కింద, దశమభాగం మొదలుపెట్టిన రోజున, సున్నం జల్లెడ పట్టే తబితమ్మ సభలో లేచి నిలబడింది. "జెర తడి ఉంటెనే సున్నం తింటది అయ్యగారూ. మా అమ్మ కాలం నుంచి చూస్తున్న" అంది. నేను పల్పిట్ మీంచి ఉరిమాను. సముద్రం రెండుగా చీలినప్పుడు దేవుని ప్రజలు దేని మీద నడిచారు? ఆరిన నేల మీద! తడిలో నిలబడినవాళ్ళు రథాలతో సహా మునిగారు! జనం ఊగిపోయారు. తబితమ్మను సున్నం పని నుంచి తీసేసి పాకీ పనికి వేశారు. వేయమని నేను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. మొన్న కాలేజీ పెద్దను దొంగ అన్నప్పుడు బల్ల గుద్దింది ఈ చెయ్యే!

ఈ రోజు ఆమెను వెతుక్కుంటూ కింది గల్లీకి వెళ్ళాను. చీపురు పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏందయ్యగారూ, తోవ తప్పినవా?"

సీసాల సంగతి చెప్పాను. విన్నది. ఆశ్చర్యపోలేదు.

"అట్లయితె మరి ఎనిమిదేండ్లు ఎట్ల బతికినం?" అని తనే అడిగి, తనే చెప్పింది. "ఉత్తరం గోడ ఏడుస్తుండె. ఊట. గాలిల తడి ఉండె గనుక ఎండు సున్నం గూడ ఎట్లనో తినెటిది. మొన్న ఎండకాలం గోడకు సిమెంటు కొట్టిండ్రు. గోడ ఏడుపు ఆగింది, సున్నం తినుడు ఆగింది. గింతే."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఒక్కపారి చెప్పిన గద." చీపురు మళ్ళీ అందుకుంది. "నీ పాపం నువ్వు కడుక్కునేతందుకు గూడ నా సున్నమే కావాల్నా?"

3408వ రోజు, ఆదివారం

సభలో చెప్పాను. సీసాలు చూపించాను. నా ఆచారం తప్పని, తబితమ్మ మాట నిజమని, పళ్ళేలన్నీ తడపాలని చెప్పాను. జీవితంలో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ముందు వరుసలో ముసలి సుశీలమ్మ లేచింది. "ఆరిన నేలే గదయ్యా మనల్ని దాటించింది! తడిల నిలవడ్డోళ్ళు మునిగిండ్రని నువ్వే చెప్తివి!"

"చెప్పాను. తప్పు చెప్పాను."

"వాక్యం తప్పయితదా?"

"వాక్యం తప్పు కాదు. దాన్ని నేను సున్నం మీద పెట్టడం తప్పు."

"గాలి నెత్తికెక్కింది అయ్యగారికి. పాపం," అన్నారెవరో, జాలిగా. ఆ జాలి రాయి విసిరినట్టు తగిలింది. ఒకరి తర్వాత ఒకరు నా ప్రసంగాలు నాకే అప్పజెప్పారు. ఎండిన ఎముకల లోయ, బండలోంచి వచ్చిన నీళ్ళు, తొట్టి నింపిన ఆ మొదటి వేసవి. ఒక్క ముక్క మర్చిపోలేదు. అంత బాగా నేర్పాను! ఈ గుహకు మూత ఒకటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. రెండో మూత నేనే బిగించాను, నా గొంతుతో. లోపల నేనూ ఉన్నాను.

గట్టయ్య నన్ను చెయ్యి పట్టుకుని దింపాడు. "సీసాలల్ల ఊదుడు వేరు, నూట ఎనభై ఆరు మంది బతుకుడు వేరు అయ్యగారూ. తొట్టి నీళ్ళు సున్నంల పోస్తె, రేపు సున్నం గూడ తినకపోతె, దూపతోటి సస్తం. చీటీలు పన్నెండునే."

3410వ రోజు

పాత మందుగుండు గదులు రెండు ఉన్నాయి. పక్కపక్కనే, ఒకే కొలత, ఇనుప తలుపులు, గాలి చొరబడదు. తడి పళ్ళేలు పెట్టుకుని ఒకదాంట్లో కూర్చుంటాను, జనం చూస్తారు అని గట్టయ్యతో అన్నాను. సలోమి వెంట తబితమ్మ కూడా వచ్చింది. ఆమెకు ఆలోచన నచ్చలేదు.

"నువ్వు తడి పళ్ళేలతోటి కూసుని నవ్వుకుంట బయటికొస్తె, అయ్యగారి ప్రార్థన బలం అంటరు. నా మాట మీద నేను కూసుంట. నీ మాట మీద నువ్వు కూసో."

"అంటే?"

"ఎండు గది నీది. తడి గది నాది. ఒక్కటే దినం లోపలికి పోవాలె."

గట్టయ్య నవ్వాడు. "అయ్యగారు కావాలని ఊపిరాడక తండ్లాడినట్టు నటిస్తె?"

"అట్లయితె ఆయన పక్కన నువ్వు కూసో సర్దారూ. నీకు దశమభాగం మీద నమ్మకమే గద."

చుట్టూ జనం ఉన్నారు. గట్టయ్య వెనక్కి తగ్గలేడు. రెండు గదులకూ చెరో ఆక్సిజన్ సిలిండరు, చెరో పన్నెండు పళ్ళేలు. తబితమ్మకు తోడు సలోమి. తలుపు ఎవరు ముందు కొడితే ఆ గది ఓడినట్టు. తబితమ్మ గది గెలిస్తే చీటీలు లేవు, పళ్ళేలన్నీ ఆమె చెప్పినట్టు. మా గది గెలిస్తే ముప్పై మందిలో మొదటి పేరు ఆమెది. ఈ ఆఖరి ముక్క ఆమే కలిపింది.

3411వ రోజు, గదిలో

పొద్దుటి షిఫ్టు గంటకు తలుపు వేశారు. టోపీ లైటు వెలుతురులో రాస్తున్నాను. గట్టయ్య ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్ళేల్లో సున్నం తెల్లగా, పొడిగా, అందంగా ఉంది. ఎనిమిదేళ్ళు దీన్ని ఆశీర్వదించాను.

రెండో గంట. తల బరువు. గట్టయ్య కూనిరాగం తీస్తున్నాడు.

నాలుగో గంట. రాగం ఆగింది. రెండంతస్తుల మెట్లు ఎక్కినవాళ్ళలా ఇద్దరం రొప్పుతున్నాం, కూర్చున్నచోటే. గోడలో మట్టి కూరి మూసిన పాత తీగల గొట్టం గుండా పక్క గది మాటలు లీలగా వినిపిస్తున్నాయి. సలోమి పాఠం అప్పజెబుతోంది. "పుట్టిన తేదీ తెల్వది, చచ్చిపోయిన తేదీ తెల్వది..." తబితమ్మ అంటోంది, "మరి ఏం తెలుసే నీకు?" ఇద్దరూ నవ్వారు.

గట్టయ్య ఆ గొట్టం వైపే చూస్తున్నాడు. "నవ్వుతున్నరు," అన్నాడు.

ఆరో గంట. అక్షరాలు వంకరపోతున్నాయి. నుదుటి వెనక ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. తలుపు నాలుగడుగుల దూరం. నేను కొట్టగలను. కొడితే అయ్యగారు నటించాడంటారు. కొట్టాల్సింది గట్టయ్య. అతను కొట్టడు, సర్దారు గనుక. నాకు తెలిసిన నిజం నాతోనే ఈ గదిలో ఉక్కిరిబిక్కిరవుతోంది. ప్రార్థన చేయబోతే మాట మధ్యలో తెగుతోంది. చేప కడుపులో ప్రవక్త అంత పొడుగు ప్రార్థన ఎలా చేశాడో!

"అయ్యగారూ." గట్టయ్య గొంతు పీలగా వచ్చింది. "నా చిన్న బిడ్డ కింది గల్లీలనే పండుకుంటది. రోజూ దానికి గిట్లనే ఉంటదా?"

"ఇంతకంటే కాస్త తక్కువ. రోజు రోజుకూ ఇంత అవుతుంది."

అతను పళ్ళెంలోంచి గుప్పెడు సున్నం తీసి చూశాడు. వేళ్ళ మధ్యనుంచి పొడి జారిపోయింది. లేవబోయి పడ్డాడు. మోకాళ్ళ మీద తలుపు దాకా పాకాడు.

కొట్టాడు.

3412వ రోజు

నిన్న తలుపు తీసిన వెంటనే గట్టయ్య పక్క గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. తబితమ్మ జరిగి చోటిచ్చింది. కళ్ళు మూసుకుని పది పన్నెండు ఊపిర్లు తీశాడు. తర్వాత బయటికి వచ్చి, తన బిడ్డను ఎత్తుకుని మళ్ళీ అదే గదిలోకి వెళ్ళాడు. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. సాయంత్రానికల్లా పసిపిల్లలందరూ ఆ గదిలో ఉన్నారు.

ఈ రోజు చీటీల కోసం పిలిచిన సభే, చీటీలు లేకుండా జరిగింది. నేను లోపలికి రాగానే జనం లేచారు. "అయ్యగారు ప్రాణం పణంగ పెట్టిండు! అద్భుతం!" సుశీలమ్మ నా కాళ్ళ మీద పడబోయింది. వెనక నుంచి ఎవరో అప్పుడే, "ఇగ నుంచి అయ్యగారి తడి" అని పేరు కూడా పెట్టేశారు.

సలోమి నా వైపు చూసింది. ఆ చూపు నాకు చాలింది.

"ఆపండి!" అని పల్పిట్ ఎక్కి అరిచాను. గుహ మారుమోగింది. "నేను కూర్చున్నది ఎండు గదిలో! తెలివి తప్పబోయింది నాకు! ఎనిమిదేళ్ళ కింద ఇక్కడే నిలబడి ఈ మాట చెప్పిన మనిషిని నేను వాక్యంతో కొట్టాను. మీరు ఆమెన్ అన్నారు. ఆమె పేరు తబితమ్మ. నా పేరు ఈ సున్నానికి పెట్టినవాడు దొంగ. పెట్టనిచ్చినా నేను దొంగనే!"

పల్పిట్ దిగాను. తబితమ్మను రమ్మన్నాను. "నాకు ప్రసంగం రాదు" అంటూనే వచ్చింది. తడి సున్నం పళ్ళెం ముందు పెట్టుకుంది.

"గుప్పిట్ల పట్టి పిండుండ్రి. ముద్ద నిలవాలె. చుక్క కారొద్దు. కారిందంటె ఎక్కువైంది, జారిందంటె తక్కువైంది. దినాం పొద్దుగాల చూడుండ్రి. గోడ మళ్ళ ఏడిస్తె తడి తగ్గించుండ్రి. రేపు ఇది పని చెయ్యకపోతె దీన్ని గూడ తీసెయ్యుండ్రి. తబితమ్మ చెప్పింది అని పట్టుకుని యాలాడకుండ్రి."

ఆమెన్ అనడానికి జనం నోళ్ళు తెరిచారు. ఎక్కడ అనాలో తెలియక మూశారు.

ముందు వరుసలో ఒక చెయ్యి లేచింది, మా బడిలో పిల్లలు ఎత్తినట్టు. సర్దార్ గట్టయ్యది.

"తబితమ్మా, గుప్పిట అంటివి. ఎవరి గుప్పిట? నాదా, నా బిడ్డదా?"

తబితమ్మ ఆలోచించింది. "నాకు తెల్వదు," అంది. "ఇద్దరు రాండ్రి. పిండి చూద్దాం."